ఫుకి నోరు మూసుకున్న నలభై నాలుగు రోజులు

ఇసోనె ఊళ్ళో పొద్దుటి సంత రేవు నుంచి బస్సు ఆగే చోటి దాకా ఒకే వీధిలో సాగుతుంది. అమ్మేవాళ్ళందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళు చేపలు పట్టి తెస్తారు. ఆ తర్వాత వాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగరు.

మంగలి దుకాణం వైపు నుంచి మూడో చాప ఫుకిది. తవుడులో ఊరేసిన కానాగంత చేపలు, ఎండబెట్టిన సముద్రపు నాచు అమ్ముతుంది. చేపలు అందరి చాపల మీదా ఒకటే. నోరు మాత్రం ఫుకిది వేరు. కొనడానికి వచ్చిన మనిషికి చేప ఎలా కాల్చాలో చెబుతుంది. కాల్చిన చేపలో మొగుడికి ఎంత ముక్క పెట్టాలో చెబుతుంది. ఆ మొగుడు అంత ముక్కకు తగినవాడో కాదో కూడా చెబుతుంది. ఎవరూ రాకపోతే వానతో మాట్లాడుతుంది. వయసు అరవై మూడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే చాప.

ఆ జాగా అత్త నుంచి వచ్చింది. కాగితం లేదు. ఇసోనె సంతలో జాగాలకు కాగితాలుండవు. కూర్చున్నంత కాలం నీది. నువ్వు రాకపోతే పక్కావిడ చాప నీ వైపు జరుగుతుంది, రోజుకు ఒక వేలి వెడల్పు. దాని గురించి ఎవరూ మాట్లాడరు. గట్టిగా అడిగితే గాలికి జరిగిందంటారు. చేప లేని చాప చాప కింద లెక్క కాదు. నీ బదులు ఇంకొకరు కూర్చుంటే నువ్వు కూర్చున్నట్టు కాదు. ఫుకి అత్త తన భర్తను దహనం చేసిన మర్నాడే వచ్చి కూర్చుంది. ఆ ఒక్కరోజులో పక్క చాప వేలెడు జరిగి ఉంది. ముందు దాన్ని వెనక్కి తోసి, తర్వాత ఏడ్చింది.

ఇప్పుడు ఇల్లు కొడుకు పేర ఉంది. మొగుడు పోయాక పడవ అమ్మేశారు. నాలుగు జానల ఆ చాపంత చోటు ఒక్కటే ఫుకికి తనదంటూ ఉన్నది.

డెబ్బై ఆరో సంవత్సరం నవంబరులో ఆమె దవడ పన్ను పుచ్చింది. పక్క పట్నంలో పీకించుకుని, నోటి నిండా దూదితో పొద్దుటి బస్సులో తిరిగి వచ్చింది. సంతకు వెళ్ళి లాభం లేదు. మాట్లాడకుండా చేపలు అమ్మడమెలాగో ఆమెకు తెలియదు. ఇంటికి వెళితే కోడలు ఏదో ఒకటి అడుగుతుంది, బదులు చెప్పాలి. ఏ మనిషీ ఏమీ అడగని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. అలలను ఆపడానికి కట్టిన సిమెంటు గట్టు. అక్కడ పసుపుపచ్చ ప్లాస్టిక్ చేపల పెట్టె ఒకటి బోర్లించి ఉంటే దాని మీద కూర్చుంది. ఒంటి మీద కొడుకు పాత వానకోటు. చెంప తాటిపండులా వాచి ఉంది. చెంపకు చెయ్యి ఆనించి సముద్రం వైపు తిరిగింది, గాలి చల్లగా తగులుతుందని.

అప్పుడు కుజె సెన్సెయ్ వచ్చాడు. ఊళ్ళ గురించి పుస్తకాలు రాసే మనిషి కాబట్టి అందరూ సెన్సెయ్, అంటే గురువుగారు, అంటారు. చేతికర్ర, మెడలో పొడవాటి కండువా, జేబులో చిన్న నోటు పుస్తకం. పక్కన నిలబడి ఈ ఊరి పేరేమిటని అడిగాడు. ఫుకి తల అడ్డంగా ఊపింది. ఇక్కడ పుట్టారా అని అడిగాడు. మళ్ళీ అడ్డంగా ఊపింది. కాసేపు అలలు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నారా?"

నెత్తురు ఆగడం కోసం ఎదురుచూస్తోంది. అవునన్నట్టు తల ఊపింది.

ఆయన వంగి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఉన్నది మొత్తం రెండు గంటలు. అందులో గంటా నలభై నిమిషాలు బస్సు కోసం.

మరుసటి శరదృతువులో పుస్తకం వచ్చింది. పేరు 'ఉత్తరపు తీరాల మౌనం'. ఇసోనెకి పదకొండు పేజీలు దక్కాయి. ఒక రోజు మంగలి తన దుకాణం గుమ్మంలో నిలబడి సంతకంతా వినబడేలా చదివాడు.

"ఆమె ముదురు నీలి నేత బట్టలో, పాత చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. ఆమె చెంప చెప్పని మాటలతో నిండి ఉంది. ఎన్నేళ్ళ క్రితమో వెళ్ళి తిరిగిరాని పడవ ఒకటి ఆమె కళ్ళలో ఇంకా వెళుతూనే ఉంది. నేను అడిగాను. ఆమె బదులు చెప్పలేదు. సముద్రం చెప్పింది."

"ఆగాగు. ఎవరి గురించి ఇదంతా?" అంది మిత్సు. ఆమెది నాలుగో చాప, ఫుకి పక్కది.

"ఇంకెవరు, మన ఫుకి అక్క గురించే. ఆ నెల, ఆ గట్టు. దూది పెట్టుకుని కూర్చోలా?" అన్నాడు మంగలి.

"బదులు చెప్పలేదా? ఫుకి?"

సంత సంతంతా నవ్వింది. నాచు అమ్మే ముసలావిడ నవ్వు ఆపుకోలేక తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుంది.

"వాపును పట్టుకుని మాటలన్నాడు చూడు," అంది మిత్సు. "నువ్వు పన్ను పీకించుకుంటే ఒక పుస్తకం. పళ్ళన్నీ పీకించుకో, ఊరికి గ్రంథాలయం వస్తుంది."

"నీకు పళ్ళున్నా ఎవరూ రాయలేదు కదే," అంది ఫుకి.

పైకి నవ్వింది కాని, ఆ సాయంత్రం మంగలి దగ్గర పుస్తకం అడిగి తీసుకుంది. తన పేరు కోసం వెతికింది. లేదు. అయినా పదకొండు పేజీలూ మూడుసార్లు చదివి, ఇంట్లో పోయిన పెద్దలకు దణ్ణం పెట్టే పీఠం మీద మొగుడి ఫోటో పక్కన పెట్టింది. ఆయనకు పుస్తకాల అలవాటు లేదు. ఆ పడవ అబద్ధమని కూడా ఆయనకు తెలుసు. ఆయన పోయింది ఆస్పత్రిలో, కాలేయం చెడి.

చలికాలం మొదలయ్యేసరికి పాఠకులు ఊరికి రావడం మొదలుపెట్టారు. పుస్తకంలో కాగితపు గుర్తు పెట్టుకుని బస్సు దిగి, ఎటూ చూడకుండా సంతలోంచి నడిచి గట్టుకు వెళ్ళేవాళ్ళు. గట్టు మీద ఎవరూ ఉండరు. వెనక్కి వచ్చి సంతలో అడిగేవాళ్ళు.

టోక్యో నుంచి వచ్చిన ఒకామె ఫుకినే అడిగింది.

"గట్టు మీద కూర్చునే ఆ మౌనపు బామ్మగారు ఎక్కడ ఉంటారండీ?"

"నేనే అమ్మా. రా, కూర్చో. ఆ రోజు ఏమైందంటే నాకు దవడ పన్ను, ఇదిగో ఈ పక్కది, చూడు..." నోరు తెరిచి చూపించింది. అరగంట చెప్పింది. ఆ పట్నపు పళ్ళ డాక్టరు సంసారం కూడా చెప్పింది. నాలుగు కానాగంతలు చేతిలో పెట్టింది.

ఆమె చేపలు తీసుకుని వెళ్ళి ఊరి పర్యాటక సంఘానికి ఉత్తరం రాసింది. ఇసోనె ఆత్మ ఇంకా గట్టు మీద ఉందనీ, కానీ సంతలో ఒక గట్టి గొంతు ముసలమ్మ తానే ఆ స్త్రీనని చెప్పుకుంటూ ఆ ప్రదేశపు పవిత్రతను పాడుచేస్తోందనీ.

సంఘానికి అధ్యక్షుడు హొరిత. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క వసతి గృహం అతనిది. మార్చిలో పూర్ణం పెట్టిన మిఠాయి డబ్బా ఒకటి చేత పట్టుకుని ఫుకి ఇంటికి వచ్చాడు. మిఠాయి చూడగానే ఫుకికి అర్థమైంది, ఏదో పోతుందని.

"పెద్దమ్మా, మీరేమీ చెయ్యక్కర్లేదు. పొద్దున పూట గట్టు మీద కూర్చోవాలి. అంతే."

"కూర్చుని?"

"సముద్రం చూడాలి."

"పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నా కదరా. ఇంకా ఏం మిగిలింది అందులో?"

"మాట్లాడకూడదు."

ఫుకి నవ్వింది. హొరిత నవ్వలేదు.

"బస్సు కంపెనీవాళ్ళు ఐదు ట్రిప్పుల్లో మూడు తీసేసి రెండే ఉంచుతామంటున్నారు పెద్దమ్మా. జనం ఎక్కితే ఉంచుతారు. ఇప్పుడు ఎక్కుతున్నవాళ్ళు మీకోసమే ఎక్కుతున్నారు. మే నెల మొదటి ఆదివారం సెన్సెయ్ వస్తున్నారు, ఆయన వాక్యంతో శిలాఫలకం పెడుతున్నాం. అప్పటిదాకా కూర్చోండి. మీ చేపలన్నీ రోజూ మా హోటలే కొంటుంది."

"మరి నా జాగా?"

"ఎక్కడికి పోతుంది? మీరు ఊరికోసం కూర్చుంటున్నారాయె. మిత్సుగారితో నేను మాట్లాడతా."

"నువ్వు మగాడివి. నీకు సంత తెలీదు."

అతను మిత్సుతో మాట్లాడాడు. "నేనెందుకు జరుపుతా నాయనా?" అంది మిత్సు. "గాలి జరిపితే నన్ననొద్దు."

ఫుకి ఒప్పుకుంది. ఊళ్ళో అందరూ బస్సు కోసమే ఒప్పుకుందని అన్నారు. బస్సు సగం కారణం. మిగతా సగం మొగుడి ఫోటో పక్కన ఉంది.

సంఘంవాళ్ళు పుస్తకం చేత పట్టుకుని గట్టు మీదికి వెళ్ళారు. పుస్తకంలో లేనివన్నీ తీసేశారు. కూల్‌డ్రింకుల మెషీను పుస్తకంలో లేదు, తీసేశారు. ఈత నిషేధం బోర్డు లేదు, తీసేశారు. పుస్తకంలో వంగిన దేవదారు చెట్టు ఒకటి ఉంది, గట్టు మీద లేదు. ఒకటి తెచ్చి నాటారు. తిన్నగా పెరుగుతోందని తాడు కట్టి వంచారు. పసుపుపచ్చ పెట్టె పారేసి, హొరిత తాత కాలపు చెక్కపెట్టె తెచ్చారు. దాని మేకులు పైకి లేచి ఉన్నాయి. ఫుకికి ముదురు నీలి నేత బట్ట కుట్టించారు. సిమెంటు మాత్రం కదలలేదు.

ఫుకి కూర్చుంది. మొదటి బస్సు ఏడింటికి వస్తుంది, కాబట్టి ఏడు నుంచి పదకొండు దాకా దారిలో కూడా నోరు తెరవకూడదని షరతు. ఇంటి నుంచి గట్టుకు దారి సంతలోంచే.

పాఠకులు వచ్చి ఆమెకు పది అడుగుల దూరంలో నిలబడేవాళ్ళు. కొందరు చేతులు జోడించేవాళ్ళు. కొందరు పక్కన కూర్చుని తమ కష్టాలు చెప్పుకునేవాళ్ళు. బదులు చెప్పని మనిషి దొరికితే జనానికి ఎన్ని కష్టాలుంటాయో ఫుకికి అప్పుడే తెలిసింది. నగోయా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గంటసేపు భార్య గురించి చెప్పాడు. ఇరవై ఏళ్ళు ఒక్క మాట కూడా అనలేదట, ఉన్నట్టుండి వెళ్ళిపోయిందట. ఎందుకు వెళ్ళిందో అర్థం కావడం లేదట. ఫుకికి పది నిమిషాల్లో అర్థమైంది. రెండు వాక్యాల్లో చెప్పగలదు. నాలుక చివర నిలబడి ఉన్నాయవి. మింగింది. అతను కళ్ళు తుడుచుకుని, "మీ మౌనం నాకు సమాధానం చెప్పింది," అని వెళ్ళిపోయాడు. ఏం చెప్పిందో ఆమెకు తెలియలేదు. భార్య తప్పేనని చెప్పిందేమోనని రోజంతా బాధపడింది.

ప్రతి పొద్దునా సంతలోంచి వెళుతూ ఒక్కసారి కిందికి చూసేది. మొదటి వారానికి మిత్సు చాప ఏడు వేళ్ళు వచ్చింది. ఏప్రిల్ మొదటికి జానెడు దాటింది.

"ఏమే ఫుకీ," అనేది మిత్సు, బస్సు దిగినవాళ్ళు వినేలా కాదు, ఫుకి వినేలా. "ఈ ఏడు గాలి ఎక్కువగా ఉంది కదూ?"

ఫుకి పళ్ళు బిగించి నడిచేది.

"మాట్లాడవేం? ఓహో, సముద్రం చెబుతుందా? సరే, వింటా."

ముప్ఫై ఎనిమిదేళ్ళలో మిత్సు అన్న ఒక్క మాటకు కూడా ఫుకి బాకీ పడలేదు. ఇప్పుడు రోజుకొకటి మీద పడుతోంది. పదకొండు దాటాక పరుగున వెళ్ళేది. అప్పటికి సంత ఎత్తేసేవాళ్ళు. మిత్సు చాప చుట్టి ఇంటికి పోయేది. ఫుకి ఆ ఖాళీ వీధిలో నిలబడి, పొద్దుటి మాటకు బదులు మంగలి దుకాణం తలుపుకు చెప్పేది.

ఏప్రిల్ చివరి వారానికి మిగిలింది జానెడు. ఆమె హొరిత దగ్గరికి వెళ్ళింది.

"నేను సంతకు పోతా."

"పెద్దమ్మా, ఇంకెన్ని రోజులు? పన్నెండు. రాయి చెక్కడం కూడా అయిపోయింది."

"పన్నెండు రోజులకు పన్నెండు వేళ్ళు. జానెడుకు ఎన్ని వేళ్ళురా?"

హొరిత తన చెయ్యి బల్ల మీద పెట్టి లెక్కపెట్టుకున్నాడు. "సంత సెలవులు నాలుగు వస్తాయి," అన్నాడు చివరికి. "నాలుగు వేళ్ళు మిగులుతాయి."

"నాలుగు వేళ్ళ మీద ఏం కూర్చోబెట్టుకోను?"

"రాయి పెట్టాక ఊరంతా కలిసి సర్దుతాం," అన్నాడు. మళ్ళీ ఒక మిఠాయి డబ్బా వచ్చింది.

మే మొదటి ఆదివారం. గట్టు మీద రాయికి తెల్లగుడ్డ కప్పారు. బడిపిల్లలు వరసగా నిలబడ్డారు. రెండు పత్రికల నుంచి ఫోటోలు తీసేవాళ్ళు వచ్చారు. ఫుకి నీలి బట్టలో, మేకుల పెట్టె మీద, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. వంచిన దేవదారు వెనక ఉంది. పుస్తకంలో ఉన్నట్టే అన్నీ ఉన్నాయి.

కుజె సెన్సెయ్ కర్ర ఊనుకుంటూ వచ్చాడు. ఆమె ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఎడమ నుంచి చూశాడు, కుడి నుంచి చూశాడు.

"ఈమె కాదు," అన్నాడు సెన్సెయ్.

"సెన్సెయ్, ఆమేనండి, ఈ ఊరే, ఈ గట్టే..." అన్నాడు హొరిత.

"నేను మర్చిపోతానా? ఆ ముఖం నిండుగా ఉండేది. ఈమె చెంపలో ఏమీ లేదు."

ఫుకి తల తిప్పింది. నలభై నాలుగు రోజుల సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తు లేదు.

"నేనేనండి సెన్సెయ్‌గారూ. ఆ రోజు పొద్దున్నే దవడ పన్ను పీకించుకున్నా. దాంతో చెంప ఇంత వాచింది. ఇప్పుడు వాపు తగ్గిపోయింది, అంతే తేడా. మీరు ఎదురుచూస్తున్నారా అంటే నెత్తురు ఆగడానికి ఎదురుచూస్తున్నా. దూది ఉంది నోట్లో, ఎలా చెప్పను? మీ మెడలో గళ్ళ కండువా ఉంది. ఎడం బూటు తాడు ఊడిపోయి ఉంది. చెబుదామనుకున్నా, పడిపోతారని."

సెన్సెయ్ ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగాడు. ఆ తర్వాత జాలిగా నవ్వాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఆమె మాట్లాడదు."

హొరిత వైపు తిరిగాడు. "ఆమె ఎక్కడ?"

హొరిత తెల్లగుడ్డ కప్పిన రాయిని చూశాడు. పిల్లల్ని చూశాడు. కెమెరాలను చూశాడు. "పోయిన చలికాలం..." అన్నాడు. తల వంచుకున్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. తర్వాత ఎవరడిగినా, తాను అబద్ధం చెప్పలేదనే అంటాడు.

సెన్సెయ్ కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, జేబులోంచి నోటు పుస్తకం తీశాడు.

"అంటే నేను చచ్చానా?" అంది ఫుకి.

ఎవరూ బదులు చెప్పలేదు. సముద్రం కూడా చెప్పలేదు.

ఆమె పెట్టె మీద నుంచి లేచింది. బట్ట మేకుకు తగులుకుంటే లాగింది, చిరిగింది. కెమెరాలు పక్కకు తప్పుకున్నాయి, ఫోటోలో ఆమె పడకుండా. గట్టు దిగి ఇంటికి వెళ్ళి, పాత చాప, ఒక కుండెడు తవుడు కానాగంతలు తీసుకుని సంతకు వచ్చింది. టైము పదిన్నర. మంగలి దుకాణం నుంచి రెండో చాపకూ మిత్సు చాపకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. ఫుకి తన చాప చుట్టను ఆ సందులో నిలువుగా దోపింది.

మిత్సు తలెత్తింది. "నువ్వు చచ్చిపోయావట? మంగలి ఇప్పుడే చెప్పాడు."

"అవును, చచ్చాను. జరుగు."

"గాలే అది, నేను కాదు."

"అయితే ఆ గాలితోనే చెబుతున్నా. జరుగు."

ఆ తర్వాత నలభై నాలుగు రోజుల మాటలు వచ్చాయి. ఒకటొకటిగా, రోజువారీ వరసలో, మార్చి నుంచి మొదలుపెట్టి. మిత్సు మొదట బదులు చెప్పింది, తర్వాత వింది, ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి చేపలు ఒళ్ళో పెట్టుకుని చాప లాక్కోవడం మొదలుపెట్టింది. మాటలు మే దాకా వచ్చాక లాక్కోవడం ఆపింది.

పుస్తకం రెండో ముద్రణలో చివర మూడు పేజీలు కలిపారు. ఎదురుచూసిన స్త్రీ పడవ దగ్గరికి వెళ్ళిపోయిందని. అప్పటి నుంచి జనం రెట్టింపయ్యారు. గట్టు మీద ఖాళీ పెట్టె ముందు పూలు పెడతారు. పెట్టె మాట్లాడదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. బస్సు ఐదు ట్రిప్పులూ తిరుగుతోంది. దేవదారుకు కట్టిన తాడు తీసేశారు, చెట్టు వంగే ఉండిపోయింది.

పూలు పెట్టి వచ్చేవాళ్ళు సంతలో ఆగుతారు.

"గట్టు మీది బామ్మగారు మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు," అంటుంది ఫుకి.

"ఎలా ఉండేవారు?"

"మహా వాగుడుకాయ. నాలుగు చేపలు కట్టమంటారా?"

వాళ్ళు నవ్వి, ఆ మాట రాసుకోకుండా, చేపలు మాత్రం తీసుకుంటారు.

మిత్సు చాప ఇంకా నాలుగు వేళ్ళు ఇవతలే ఉంది. రోజూ పొద్దున చాప పరిచేటప్పుడు ఫుకి ఆ సంగతి అడుగుతుంది. గాలి అంటుంది మిత్సు. ఇద్దరూ అక్కడి నుంచే మొదలుపెడతారు.